రోమ్‌లో రోజుకొక చర్చి



ఇటలీ వెళ్ళొచ్చినవాళ్ళను రోమ్‌లో ఏం చూశారని అడిగి చూడండి. కొలోసియం అంటారు. వాటికన్ అంటారు. ట్రెవీ ఫౌంటెన్‌లో నాణెం వేసి వచ్చామంటారు. మరి చర్చిల సంగతేమిటంటే, అబ్బో, చాలా చూశామండీ, నాలుగైదు చూసేసరికి అన్నీ ఒకటేలాగ అనిపించాయి అంటారు.

వాళ్ళ తప్పేం లేదు. బస్సు దింపుతుంది. గైడు చేతిలో జెండా పట్టుకుని ముందు నడుస్తాడు. పావుగంటలో మళ్ళీ బస్సెక్కాలి. అలా చూస్తే ఏ చర్చి అయినా ఒకటే. ఎత్తైన కప్పు, పాలరాతి స్తంభాలు, బంగారు రంగు, కొవ్వొత్తుల వాసన. అంతకు మించి కంటికి ఆనదు.

రోమ్‌లో తొమ్మిది వందలకు పైగా చర్చిలున్నాయని చెప్తారు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు కూడా అన్నీ చూసి ఉండరు. మనం చూడగలమా? చూడలేం. చూడక్కర్లేదు కూడా. అందుకే ఈ పూట మీకు నేను చెప్పదలచుకున్నది చిన్న మాట. రోమ్‌లో తీరిగ్గా నాలుగు రోజులు గడిపే వీలుంటే, రోజుకు ఒక్క చర్చి చూడండి. మరీ పక్కపక్కనే ఉంటే రెండు. లోపలికి వెళ్ళాక కూర్చోండి. రోజుకొక చర్చి, లోపల కూర్చోవడం. ఈ రెండు గుర్తుంటే చాలు. మిగతాదంతా ఎందుకో, ఎలాగో చెప్పడమే.

ఎందుకంటారా? మ్యూజియంలో ఉన్న బొమ్మ ఎక్కడినుంచో తెచ్చి పెట్టింది. ఏ గోడ మీదినుంచో దించి, ఏ పీఠం మీదినుంచో తీసి, నంబరు వేసి, దీపం పెట్టి చూపిస్తారు. తప్పు లేదు. కానీ రోమ్ చర్చిల్లో బొమ్మ దాని ఇంట్లోనే ఉంటుంది. చిత్రకారుడు ఏ గోడను కొలుచుకుని గీశాడో ఆ గోడ మీదే ఉంటుంది. ఏ కిటికీ వెలుతురును చూసుకుని గీశాడో ఆ వెలుతురులోనే ఉంటుంది. నాలుగు వందల ఏళ్ళుగా కదలకుండా అక్కడే ఉంది. పైగా చాలా చర్చిల్లో టికెట్టు లేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళడమే.

రండి, ఒకటి చూద్దాం.

రోమ్ నడిబొడ్డున పియాత్సా నవోనా అని పెద్ద మైదానం ఉంది. ఫౌంటెన్లు, బొమ్మలు గీసేవాళ్ళు, ఐస్‌క్రీమ్ కొట్లు, ఒకటే సందడి. అక్కడినుంచి కాస్త నడిస్తే సాన్ లుయీజీ దేయి ఫ్రాంచేజీ అని ఒక చర్చి వస్తుంది. రోమ్‌లో ఉండే ఫ్రెంచివాళ్ళ చర్చి అది. లోపల ఎడమ వరుసలో చిట్టచివరి చిన్న గది ముందు ఎప్పుడూ పదిమంది నిలబడి ఉంటారు. ఆ గదిలో మూడు చిత్రాలున్నాయి. మూడూ ఏసు శిష్యుడు మత్తయి కథే. గీసినవాడు కారవాజ్జో. 1599లో పని ఒప్పుకున్నాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్ళు. అంత పెద్ద పని, అదీ పదిమందీ వచ్చి చూసే చోట, ఆయనకు రావడం అదే మొదలు.

ఎడమ గోడ మీది చిత్రం ముందు నిలబడండి. మత్తయి సుంకరి. అంటే పన్నులు వసూలు చేసేవాడు. ఒక మసక గదిలో డబ్బు లెక్క పెడుతున్న బల్ల చుట్టూ ఐదుగురు చేరారు. ఇద్దరు కుర్రాళ్ళు ఈకలు పెట్టిన టోపీలు పెట్టుకున్నారు. కళ్ళద్దాలు పెట్టుకున్న ముసలాయన నాణేల మీదికి వంగి చూస్తున్నాడు. కుడివైపునుంచి ఏసు వచ్చాడు. పక్కన పేతురు. పేతురు వీపు అడ్డం రావడంతో ఏసు మనకు సగం కూడా కనిపించడు. ముఖం కొంచెం, చాచిన చెయ్యి. అంతే. ఆ చెయ్యి వెంటే కుడినుంచి వెలుతురు పడుతుంది. గడ్డమున్న ఆయన, నన్నేనా పిలుస్తున్నది అన్నట్టు వేలు చూపించుకుంటున్నాడు.

కొందరు పండితులు కాదంటారు. ఆ వేలు తన వైపు కాదు, బల్ల చివర తల వంచుకుని డబ్బు లెక్కపెట్టుకుంటున్న కుర్రవాడి వైపు అంటారు. అంటే మత్తయి ఆ కుర్రవాడే. తలెత్తి చూడనైనా లేదు. పిలుపు వచ్చిన సంగతే తెలియదు. ఏది నిజమో మీరే చూసి తేల్చుకోండి. కానీ తేల్చుకోవాలంటే అక్కడ నిలబడాలి. పావుగంటలో తేలే సంగతి కాదిది.

ఇప్పుడొక పని చేయండి. చిత్రం మీదినుంచి కళ్ళు తీసి, ఆ గదిలో పీఠం పైన చూడండి. అక్కడ నిజం కిటికీ ఉంది. ఈ చిత్రానికి అది కుడివైపు. చిత్రంలో వెలుతురు కూడా కుడివైపునుంచే వస్తోంది. రంగుల్లోని వెలుగును నిజం కిటికీ ఉన్న దిక్కునుంచే రానిచ్చాడు కారవాజ్జో. ఈ చిత్రాన్ని ఊడదీసి పారిస్‌లోనో లండన్‌లోనో వేలాడదీస్తే చిత్రం మిగులుతుంది, ఆ కిటికీ పోతుంది. బొమ్మ దాని ఇంట్లో ఉండడమంటే ఇదే.

మధ్యలో, పీఠం మీద మత్తయి సువార్త రాస్తున్న చిత్రం ఉంటుంది. అది కారవాజ్జో గీసిన రెండోది. మొదట గీసినదాంట్లో మత్తయి మోటు రైతులాగ, కాలు మీద కాలేసుకుని, పాదం బయటికి చాపి కూర్చుని ఉంటాడు. దేవదూత చెయ్యి పట్టుకుని దిద్దిస్తున్నట్టు ఉంటుంది. పునీతుణ్ణి ఇలాగా గీసేది అని చర్చివాళ్ళు ఒప్పుకోలేదని ఆయన జీవితం రాసినవాళ్ళు చెప్తారు. ఆ చిత్రాన్ని ఒక ధనవంతుడు కొనుక్కున్నాడు. చేతులు మారి చివరికి బెర్లిన్ చేరింది. 1945లో యుద్ధం ముగిసే రోజుల్లో మంటల్లో పోయింది. ఇప్పుడు పాత ఫోటోలు తప్ప మిగల్లేదు. ఇల్లు దొరకని చిత్రం పోయింది. ఇల్లు దొరికిన మూడూ ఇప్పటికీ ఉన్నాయి.

అక్కడ గోడకు ఒక చిన్న పెట్టె ఉంటుంది. నాణెం వేస్తే దీపాలు వెలుగుతాయి. కాసేపటికి టక్కున ఆరిపోతాయి. మళ్ళీ ఎవరో ఒకరు నాణెం వేయాలి. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మీరే వేయండి. చిల్లర దగ్గర పెట్టుకుని వెళ్ళండి. రోమ్‌లో చాలా చర్చిల్లో ఇదే పద్ధతి. దీపం ఆరిపోయినప్పుడు కూడా వెంటనే కదలకండి. ఆ మసక వెలుతురులో చిత్రం ఎలా ఉంటుందో కూడా చూడాలి. గీసిన రోజుల్లో జనం చూసింది అలాగే కదా.

పక్కపక్కనే ఉంటే రెండు చూడవచ్చు అన్నాను. ఇక్కడ రెండోది ఉంది. నాలుగడుగులు వేస్తే సాంత్ అగొస్తీనో చర్చి. అందులోనూ కారవాజ్జో చిత్రం ఒకటుంది. మరియమ్మ బిడ్డనెత్తుకుని ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎదురుగా ఇద్దరు యాత్రికులు మోకాళ్ళ మీద ఉన్నారు. ఒక మగమనిషి, ఒక ముసలావిడ. మగమనిషి అరికాళ్ళు మన వైపున్నాయి. చెప్పుల్లేవు. మట్టి కొట్టుకుపోయి, మడమలు నల్లబడి ఉన్నాయి. మన చూపు మొదట ఆ పాదాల మీదే పడుతుంది. ఆ తర్వాతే దేవుడి తల్లి ముఖం మీదికి పోతుంది.

ఈ చిత్రం పెట్టిన రోజుల్లో పెద్ద గోల జరిగిందని కారవాజ్జోకు పోటీదారైన ఒక చిత్రకారుడు రాసిపెట్టాడు. దేవుడి పీఠం మీద మురికి కాళ్ళా అని. నాకు మాత్రం ఆ చిత్రం ముందు నిలబడితే అలిపిరి మెట్లు గుర్తుకొచ్చాయి. పొద్దుటినుంచీ మెట్లెక్కి, గాలిగోపురం దాటి, క్యూలో కూర్చున్న ఊరివాళ్ళ పాదాలు అలాగే ఉంటాయి. ఆ పాదాలను చూసి ఎవరికైనా అసహ్యం వేస్తుందా? నాలుగు శతాబ్దాల కిందట ఎక్కడో రోమ్‌లో ఒక చిత్రకారుడు యాత్రికుడి అరికాలును అంత గౌరవంగా గీశాడంటే మనసు నిండిపోతుంది.

అదే చర్చిలో తలుపు దగ్గర పాలరాతి మరియమ్మ విగ్రహం కూర్చుని ఉంటుంది. సాన్సొవీనో అనే శిల్పి 16వ శతాబ్దంలో చెక్కాడు. కాన్పు సుఖంగా జరగాలని గర్భిణులు ఆమెకు మొక్కుకుంటారు. పుట్టాక వచ్చి గులాబీ రంగు రిబ్బన్లు, నీలం రిబ్బన్లు కట్టి పోతారు. పసిపిల్లల ఫోటోలు పెడతారు. మీరు అక్కడ ఓపిగ్గా కూర్చుంటే ఎవరో ఒకరు వస్తారు. విగ్రహం పాదం ముట్టుకుని, కళ్ళు మూసుకుని, నిశ్శబ్దంగా వెళ్ళిపోతారు. మనం చూడ్డానికి వచ్చాం. వాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి వచ్చారు. ఆ తేడా మనసులో పెట్టుకుంటే మన గొంతు దానంతటదే తగ్గుతుంది, కెమెరా దానంతటదే జేబులోకి పోతుంది.

ఇక్కడ కాస్త ఆగి, వెళ్ళేవాళ్ళకు పనికొచ్చే మాటలు చెప్తాను.

మొదటిది వేళలు. రోమ్‌లో చాలా చర్చిలు మధ్యాహ్నం మూసేస్తారు. ఇంచుమించు పన్నెండున్నరకు తలుపులు వేసి, మళ్ళీ మూడున్నరకో నాలుగుకో తీస్తారు. ఈ సంగతి తెలియక భోజనం చేసి తీరిగ్గా బయల్దేరి, మూసిన తలుపుల ముందు ఎండలో నిలబడేవాళ్ళు ఎందరో. మళ్ళీ చెప్తున్నాను, గుర్తు పెట్టుకోండి. ఉదయం పూట చర్చి, మధ్యాహ్నం భోజనం, కునుకు. సాయంత్రం నాలుగు దాటాక మళ్ళీ చర్చి. తీరిగ్గా వెళ్ళినవాళ్ళకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఆదివారం ఉదయం పూజలుంటాయి. ఆ సమయంలో బొమ్మలు చూస్తూ అటూ ఇటూ తిరగకూడదు. పూజలో కూర్చోవాలనుంటే ఎవరైనా కూర్చోవచ్చు.

రెండోది బట్టలు. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. పెద్ద చర్చిల్లో ఇది గట్టిగా చూస్తారు. చీర కట్టుకున్నవాళ్ళకు, చుడీదార్ వేసుకున్నవాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. చిన్నచిన్న నిక్కర్లు, చేతుల్లేని బనియన్లు వేసుకున్న కుర్రాళ్ళను ఆపుతారు. సంచిలో ఒక చున్నీ ఉంటే ఆపదలో ఆదుకుంటుంది.

చెప్పుల సంగతీ చెప్పాలి. మనవాళ్ళు చర్చి మెట్ల దగ్గర ఆగి, ఎక్కడ విప్పాలా అని చుట్టూ వెతుక్కుంటారు. అక్కడ విప్పరు. బూట్లతోనే లోపలికి వెళ్తారు. మగవాళ్ళు మాత్రం టోపీ తీయాలి. ఆ బూట్లు కూడా మెత్తటివి చూసుకోండి. రోమ్ వీధులు నల్లరాతి దిమ్మలు పరిచినవి, కాళ్ళు పీక్కుపోతాయి. దాహమేస్తే నీళ్ళ సీసా కొనక్కర్లేదు. వీధి మలుపుల్లో కుళాయిలు రాత్రింబగళ్ళు పారుతూనే ఉంటాయి. మంచినీళ్ళే, చల్లగా ఉంటాయి.

సరే, మళ్ళీ లోపలికి పోదాం. ఈసారి లోపలికే కాదు, కిందికి.

కొలోసియం నుంచి పదినిమిషాలు నడిస్తే సాన్ క్లెమెంతే చర్చి. రోమ్‌లో ఒకే ఒక్క చర్చికి తీరిక ఉంది, ఏది చూడమంటారు అని అడిగితే నేను దీని పేరే చెప్తాను. ఎందుకంటే ఇది ఒక్క చర్చి కాదు. ఒకదాని కింద ఒకటి, మూడు కాలాలు.

పైన ఉన్నది 12వ శతాబ్దపు చర్చి. పీఠం వెనక అర్ధగోళంలా వంగిన కప్పు మీద మొజాయిక్ ఉంది. గాజు ముక్కలు, రాతి ముక్కలు పొదిగి చేసిన బొమ్మ. మధ్యలో శిలువ. శిలువ మీద పన్నెండు తెల్లపావురాలు. కిందినుంచి ఒక మొక్క లేచి, తీగలు తీగలుగా చుట్టలు తిరుగుతూ కప్పంతా అల్లుకుపోయింది. ఆ తీగల చుట్టల మధ్య చూడండి. పక్షులు, పువ్వులు, పశువులు, కోళ్ళకు గింజలు వేస్తున్న ఆవిడ. కింద జింకలు వంగి నీళ్ళు తాగుతున్నాయి. చావును చూపించే శిలువ చుట్టూ ఊరంతా బతుకుతూ కనిపిస్తుంది. బెంచీ మీద కూర్చుని, తల వెనక్కి వాల్చి, ఒక్కొక్క తీగను వెంబడించి చూడండి. ఎంతసేపు చూసినా కొత్తది ఒకటి దొరుకుతూనే ఉంటుంది.

ఇక మెట్లు దిగుదాం. కిందికి వెళ్ళడానికి టికెట్టు ఉంది. దిగితే 4వ శతాబ్దపు చర్చి. పాతదాన్ని మట్టితో, రాళ్ళతో పూడ్చి, దాన్నే పునాది చేసుకుని 1100 ప్రాంతంలో పైచర్చి కట్టారు. ఆ తర్వాత కింద ఒకటి ఉందన్న సంగతే జనం మరిచిపోయారు. ఏడు వందల ఏళ్ళు మరిచిపోయారు. ఆ చర్చిని చూసుకునేది ఐర్లండ్ నుంచి వచ్చిన డొమినికన్ సభ గురువులు. వాళ్ళలో ఫాదర్ జోసెఫ్ ముల్లూలీ అనే ఆయన 1857లో తవ్వడం మొదలుపెట్టాడు. పాత గోడలు బయటపడ్డాయి. గోడల మీద బొమ్మలు బయటపడ్డాయి.

ఆ బొమ్మల్లో ఒకటి తప్పక చూడాలి. సిసిన్నియుస్ అనే పెద్దమనిషికి, ఈ చర్చి ఎవరి పేరున ఉందో ఆ పునీత క్లెమెంట్ మీద కోపం. పట్టుకుని ఈడ్చుకురమ్మని పనివాళ్ళను పంపాడు. వాళ్ళ కళ్ళకు మాయ కమ్మింది. పునీతుడనుకుని ఒక రాతి స్తంభానికి తాళ్ళు కట్టి లాగుతున్నారు. యజమాని పక్కన నిలబడి బూతులు తిడుతూ లాగండిరా అంటున్నాడు. ఎవరేమంటున్నారో బొమ్మ పక్కనే రాసి ఉంది. పునీతుడి మాట లాటిన్‌లో ఉంది. యజమాని తిట్లు మాత్రం ఆనాటి వీధిభాషలో ఉన్నాయి. 11వ శతాబ్దం చివరి రాత అది. జనం మాట్లాడుకునే ఇటాలియన్ రాతలో కనిపించే అతి పాత చోట్లలో ఇదొకటి. అదీ చర్చి గోడ మీద! పవిత్రమైన చోట జనం నోటి మాటకు అలా చోటిచ్చారు చూశారా, అందుకే ఆ గోడంటే నాకు అంత ఇష్టం.

ఆ అంతస్తులోనే సిరిల్‌ను పాతిపెట్టారు. 869లో రోమ్‌లోనే చనిపోయాడు. సిరిల్, ఆయన అన్న మెథోడియస్ కలిసి స్లావ్ జనానికి లిపి కట్టి ఇచ్చారు. ఇప్పుడు రష్యా, బల్గేరియా, సెర్బియా వాళ్ళు రాసుకునే లిపికి సిరిల్ పేరే. ఆ దేశాలనుంచి వచ్చినవాళ్ళు తమ భాషలో కృతజ్ఞత చెక్కించి పలకలు పెట్టి వెళ్ళారు. అక్షరాలిచ్చినవాడి సమాధి దగ్గర వాళ్ళు నిలబడే తీరు చూస్తే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇంకా కిందికి దిగండి. ఇప్పుడు 1వ శతాబ్దపు రోమ్‌లో ఉన్నారు. ఇటుక గోడలు, రెండు కట్టడాల మధ్య ఇరుకు సందు. ఒక గది గుహలా ఉంటుంది. అటూ ఇటూ రాతి అరుగులు, మధ్యలో పీఠం. పీఠం మీద మిత్ర అనే దేవుడు ఎద్దును చంపుతున్నట్టు చెక్కి ఉంది. క్రైస్తవం ఇంకా నిలదొక్కుకోని కాలంలో రోమ్ జనం కొలిచిన దేవుడు. ఆ గది దాటి ముందుకు వెళ్తే చెవులు రిక్కించండి. నీళ్ళ చప్పుడు. గోడల వెనక ఏరు పారుతూ ఉంటుంది. 20వ శతాబ్దం మొదట్లో సొరంగం తవ్వి నీటిని మళ్ళించేదాకా ఆ అడుగు అంతస్తు నీళ్ళలోనే ఉండేది.

పైన క్రీస్తు, కింద పాత చర్చి, దాని కింద ఇంకో దేవుడు, దాని పక్కన ఏరు. గబగబా దిగి గబగబా ఎక్కితే మూడు చీకటి గదులు చూసినట్టుంటుంది. మెల్లిగా దిగి మెల్లిగా ఎక్కితే రెండువేల ఏళ్ళు మెట్టు మెట్టుగా తెలుస్తాయి. అందుకే మళ్ళీ మళ్ళీ అంటున్నాను. రోజుకు ఒక్కటే. కూర్చుని చూడాలి.

మూడో రోజుకు సాంతా ప్రస్సేదె పెట్టుకోండి. పోప్ ఫ్రాన్సిస్‌ను 2025 ఏప్రిల్‌లో సమాధి చేసిన సాంతా మరీయా మజ్జోరె పెద్ద చర్చికి అతి దగ్గర. జనమంతా ఆ పెద్ద చర్చిలో ఉంటారు. ఇది సందులో ఉంటుంది. బయటినుంచి చూస్తే చర్చి అని కూడా తెలియదు. లోపల కుడివైపు ఒక చిన్న గది. గదంతా, గోడలూ కప్పూ, బంగారు మొజాయిక్. 9వ శతాబ్దంలో పోప్ పస్కాలిస్ చేయించాడు. రెండు గాజు పొరల మధ్య బంగారు రేకు పెట్టి కాల్చిన ముక్కలవి. ముక్కలన్నీ ఒకే చదునులో ఉండవు, కొద్దికొద్దిగా వంపు తిరిగి ఉంటాయి. మీరు ఒక అడుగు పక్కకు జరిగితే మెరుపు కూడా జరుగుతుంది.

అందులో ఒక ముఖం ముందు ఆగండి. నలుగురు స్త్రీలు వరుసగా ఉంటారు. ముగ్గురి తల వెనక గుండ్రటి ప్రభ. ఒకావిడకు మాత్రం నలుచదరపు ప్రభ. చదరం అంటే ఆ బొమ్మ వేసేనాటికి ఆ మనిషి బతికి ఉందని గుర్తు. ఆవిడ పేరు థియోడోరా, పోప్ తల్లి. పునీతుల పక్కన తన తల్లిని నిలబెట్టుకున్నాడు ఆ కొడుకు. పన్నెండు వందల ఏళ్ళ కిందట బతికున్న ఒక తల్లి ముఖం అది.

ఇంకా తీరిక దొరికేవాళ్ళ కోసం సాంత్ ఇగ్నాత్సియో చర్చి గురించి రెండు మాటలే. పైన గోపురం కట్టడం కుదరక, బల్లపరుపు కప్పుకే గోపురం ఉన్నట్టు 1685లో బొమ్మ వేశాడు పొజ్జో అనే జెస్విట్ సభ సోదరుడు. నేల మీద గుర్తు దగ్గర నిలబడి చూస్తే నిజం గోపురమే. దాటి నడిస్తే పక్కకు ఒరిగిపోతుంది. ఇప్పుడక్కడ అద్దం పెట్టారు, సెల్ఫీ కోసం జనం బారులు తీరుతున్నారు. బారు వదిలేయండి. తలెత్తి చూస్తూ నడిచి వెళ్ళండి, అదే ఎక్కువ బాగుంటుంది.

ఇంకో సంగతి. రోమ్‌లో చర్చి గుమ్మం పైన తరచు రంగుల చిహ్నాలు రెండు కనిపిస్తాయి. ఒకటి పోప్‌ది. రెండోది ఎవరిదో తెలుసా? ఒక కార్డినల్‌ది. పూర్వం రోమ్‌కు బిషప్పును, అంటే పోప్‌ను, ఆ ఊరి గురువులే ఎన్నుకునేవారు. ఆ ఆచారం పోకుండా, ఏ దేశపు కార్డినల్‌కైనా సాధారణంగా రోమ్‌లో ఒక చర్చిని పేరుకు అప్పగిస్తారు. అలా ఆయనా రోమ్ గురువే అవుతాడు. 2022లో మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్ళలో ఆయనే మొదటివారు. కర్నూలు జిల్లాలో పుట్టినవారు, దళితుల నుంచి ఆ పదవి అందుకున్న మొదటి మనిషి. ఆయనకూ రోమ్‌లో ఒక చర్చి ఇచ్చారు. ఊరికి పడమటగా, వీయా ఔరేలియా ఆంతీకా దారిలో, రోమ్ తొలి వేదసాక్షుల పేరు మీద ఉన్న చర్చి. 2025 మేలో కొత్త పోప్‌ను ఎన్నుకున్నప్పుడు ఆయనా ఓటు వేశారు. గుమ్మం మీది ఆ చిహ్నాలను ఇకమీదట ఊరికే దాటి వెళ్ళకండి.

ఆఖరి రోజు సాయంత్రం టైబర్ నది దాటి త్రస్తేవెరె పేటకు వెళ్ళండి. అక్కడ సాంతా మరీయా చర్చి. లోపల స్తంభాలు ఒకదానితో ఒకటి కలవవు. ఒకటి లావు, ఒకటి సన్నం. పాత రోమన్ కట్టడాలనుంచి తెచ్చి నిలబెట్టినవి. పీఠం వెనక గోడ మీద మరియమ్మ జీవితమంతా మొజాయిక్ బొమ్మలుగా ఉంది. 13వ శతాబ్దం చివర కవల్లీనీ చేసినవి. ఆ మనుషుల ఒంటి మీది బట్ట మడతలు, నిలబడిన తీరు చూడండి. అంతకు ముందటి బొమ్మల్లోని బిగువు సడలి, మనుషులు మనుషుల్లా ఉంటారు.

సాయంత్రం పూట అక్కడ ప్రార్థన జరుగుతుంది. సాంత్ ఎజీదియో సమాజం వాళ్ళు చేస్తారు. 1968లో రోమ్ విద్యార్థులు మొదలుపెట్టిన సమాజం అది. బీదలకు, ఇల్లు లేనివాళ్ళకు, వలస వచ్చినవాళ్ళకు పనిచేస్తారు. 1982 నుంచి క్రిస్మస్ రోజున ఈ చర్చిలోనే బల్లలు వేసి, బీదలను అతిథులుగా కూర్చోబెట్టి భోజనం వడ్డిస్తున్నారు. ఏడు వందల ఏళ్ళ మొజాయిక్ కింద, వీధిలో పడుకునే మనిషికి తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద అన్నం. నేను చర్చిల గురించి ఇంతసేపు మాట్లాడింది బొమ్మల కోసమే అనుకోకండి. ఆ బొమ్మలు ఇప్పటికీ జనం మధ్య ఉన్నాయి, పనిలో ఉన్నాయి. నాకు అది అన్నిటికంటే గొప్పగా తోస్తుంది.

ఇటలీలో ఇప్పుడు మన తెలుగు పిల్లలు చాలామంది చదువుకుంటున్నారు. చదువు అయ్యాక అమ్మానాన్నలను పిలిపించుకుంటారు. వాళ్ళకు వారంలో దేశమంతా చూపించెయ్యాలని ఆత్రపడతారు. అమ్మాయిలూ, అబ్బాయిలూ, మీకు ఒక మనవి. అమ్మానాన్నలను పరుగెత్తించకండి. వాళ్ళ మోకాళ్ళను చూసుకోండి. రోమ్‌లో రోజుకు ఒక్క చర్చి చూపించండి. బెంచీ మీద కూర్చోబెట్టండి. చేతికి ఒక నాణెం ఇచ్చి ఆ దీపం వాళ్ళ చేతే వెలిగించండి. టూరు కంపెనీతో వెళ్ళేవాళ్ళు డబ్బు కట్టే ముందే అడగండి, రోమ్‌లో ఒక్క సాయంత్రం మాకు ఖాళీగా వదలండి అని. ఇలాంటివి అడగనిదే ఇవ్వరు.